లేని పొగ

కోక్-బెల్ వేసవి మేత,
జూన్ నెలాఖరు

తమ్ముడు శార్షెన్‌కు,

ఉప్పు లారీ తెల్లారి కిందికి దిగుతుందట. అందుకని గబగబా రాస్తున్నాను. మేమంతా బాగున్నాం. నువ్వు విమానం దింపినప్పుడు బెదిరి పారిపోయిన గుర్రాల్లో మా బూడిదరంగు ఆడగుర్రం ఒక్కటే ఇంకా దొరకలేదు. మీ బావ ఇసాక్ దాన్ని వెతుక్కుంటూ రోజూ కొండ ఎక్కుతున్నాడు. ఎక్కినప్పుడల్లా నిన్ను తిడుతున్నాడు. పట్టించుకోకు.

నాకూ నీ మీద ఒక కోపం ఉంది. ఏడాదిగా ముఖం చూపించనివాడివి, ఆకాశంలోంచి ఊడిపడ్డావు. నన్ను చూసి చెయ్యైనా ఊపకుండా తిన్నగా వెళ్ళి ఇంజన్ మూత తెరిచి అందులో తల పెట్టావు. నేను పాలగిన్నె పట్టుకుని నీ వెనకే నిలబడ్డాను. "జరుగు అక్కా, కాలుతుంది" అన్నావు. రెండు రోజుల్లో నాతో మాట్లాడింది అంతే. మెకానిక్ వచ్చేదాకా విమానంలోనే పడుకున్నావు, విమానంలోనే తిన్నావు.

నువ్వు గుడారంలోకి రాలేదు కాబట్టి అక్కడ జరిగింది నీకు తెలియాలి. దిగినవాళ్ళు ఎవరైనా మనకు అతిథులే. మీ బావ గొర్రెను కోశాడు. అది మా సొంత గొర్రె, సహకార సంఘం మందలోది కాదు. ఇది గుర్తుపెట్టుకో. తలకాయ ఎవరికివ్వాలన్న దగ్గర వచ్చింది గొడవ. ప్రయాణికుల్లో జిల్లా సరఫరా కార్యాలయం పెద్ద బైసాల్ ఉన్నాడు కదా, కనుమ అవతల గుర్రప్పందేలకు బహుమతులు ఇవ్వడానికి వెళ్తున్నవాడు. ఆయన చేతులు కడుక్కుని, తల తనకే వస్తుందని పై వరసలో సర్దుకుని కూర్చున్నాడు. మీ బావ ఆయన్ని దాటుకుని వెళ్ళి, విమానంలోనే వచ్చిన, తేనెటీగలు పెంచే ముసలాయన ముందు పెట్టాడు. అతిథుల్లో వయసులో పెద్ద ఆయనే. పదవి చూసి తల ఇవ్వడం మా గుడారంలో లేదు. బైసాల్‌కు ముంగాలు వచ్చింది.

ఆయన ఆ ఎముకను అలాగే పళ్ళెంలో పెట్టి, కత్తి తుడుచుకుంటూ అన్నాడు: "ఇంజన్ దీపం వెలిగిందట. వెలిగింది కుర్రాడి కడుపులో. అక్క చేతి మాంసం గుర్తొచ్చి దింపేశాడు." అందరూ నవ్వారు. అతిథి కదా అని నేనూ నవ్వాను. తర్వాత బయటికొచ్చి, "మేం దిగేసరికే పొయ్యి మండుతోంది కదా చెల్లెమ్మా" అని అడిగాడు. పాలు కాస్తున్నాను అన్నాను. గొర్రె ఎవరిదని అడిగాడు. మాదే అన్నాను. తల ఊపి పాల లారీ ఎక్కి వెళ్ళిపోయాడు.

ఆ తల ఊపడం నాకు నచ్చలేదు. ఇంజన్లో ఏం దొరికిందో రాయి.

మీ అక్క
బురుల్


కారా-జార్ విమానాశ్రయం,
జూలై

అక్కకు,

ఉత్తరం అందింది. పని హడావుడిలో నీతో మాట్లాడలేకపోయాను. గుర్రం సంగతికి బావ నన్ను మన్నించాలి.

ఇంజన్లో ఏమీ దొరకలేదు. ఆ దీపం సంగతి నీకు చెప్పాలి. ఇంజన్ నూనెలో ఇనుప రజను చేరితే అది వెలుగుతుంది. లోపల ఎక్కడో ఇనుమూ ఇనుమూ రాసుకుని అరిగిపోతున్నాయని దాని అర్థం. నిజంగా అరుగుతోందా, మసి పట్టి ఊరికే వెలిగిందా అన్నది కింద విప్పి చూస్తేనే తెలుస్తుంది, పైనుంచి తెలియదు. మా విమానానికి ఒకటే ఇంజన్. ఎదురుగా కనుమ. అక్కడ ఇంజన్ ఆగిపోతే మేక కూడా నిలబడలేని రాళ్ళ మీద పడాలి. కనుమకు ముందు చివరి చదును మీ మేతే. మీరు అక్కడున్నారని తెలుసు. లేకపోయినా అక్కడే దిగేవాణ్ణి.

మెకానిక్ వాలోద్య విప్పి చూశాడు. నూనెలోని రజను పట్టే అయస్కాంతానికి బూడిదలాంటి జిగురు కాస్త అంటుకుని ఉంది. తుడిచి బిగించాడు. విమానం తన రెక్కల మీదే తిరిగి వచ్చింది.

కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకోమన్నారు. అంతకు మించి ఏమీ లేదు. ఎవరైనా వచ్చి అడిగితే మీరు చూసింది చూసినట్టు చెప్పండి.

నీ తమ్ముడు
శార్షెన్


కోక్-బెల్,
జూలై చివర

తమ్ముడూ,

ఇంత గడుసువాడివి ఎప్పుడయ్యావు? విశ్రాంతి అంటే బస్తాలు దించడమా? లారీ డ్రైవరు చెప్పాడు. గోదాము దగ్గర నువ్వు పిండి బస్తాలు మోస్తుంటే చూశాడట. నిన్ను ఎగరనివ్వడం లేదని, బైసాల్ ఫిర్యాదు రాశాడని, ఊరందరికీ తెలుసట. మాకే తెలియదు. అక్క ఇంట్లో విందు తినడానికి నువ్వు విమానం దింపావట, దీపం ఒక సాకట, ముందే కబురు పంపావు కాబట్టే పొయ్యి మండుతోందట. ఇది విని నేనేం చెయ్యాలి? మేతకు వచ్చిన దగ్గర్నుంచి పొయ్యి ఆరనిచ్చే ఇల్లు ఏదో ఒకటి చూపించమను. పొద్దున ఆవు పాలు, తర్వాత గొర్రె పాలు, తర్వాత టీ. బైసాల్ భార్య పొయ్యి ఎవరైనా చుట్టాలు వస్తేనే వెలిగిస్తుంది కాబోలు.

నీ ఉత్తరం మాకు అందకముందే ఆ ఫిర్యాదు మీద అడగడానికి ఇద్దరు మనుషులు జీపులో వచ్చారు. మొదట మీ బావను అడిగారు. ఎర్ర దీపం వెలిగిందని బావమరిది చెప్పాడు, అందుకని దిగాడు అన్నాడు మీ బావ. వాళ్ళు ఒకరినొకరు చూసుకుని నవ్వారు. "దీపం నువ్వు చూశావా?" అన్నాడు ఒకడు. విమానం లోపలి దీపాన్ని బయటి మనిషి ఎలా చూస్తాడు?

అప్పుడు సాతార్ తాత లేచాడు. ఆయన మాటంటే ఇక్కడ అందరికీ ఎంత గురో నీకు తెలుసు. గడ్డి తగాదా అయినా, తప్పిపోయిన దూడ తగాదా అయినా, ఆయన చెప్పాక రెండో మాట ఉండదు. ఆయన వాళ్ళతో అన్నాడు: "దీపం సంగతి మాకు తెలియదు. పొగ చూశాం. విమానం ముక్కు దగ్గర్నుంచి నల్లగా పొగ కక్కుతూ దిగింది." అంతే, ఇక అందరం ఒక మాట మీద నిలబడ్డాం. మీ బావ నీలం కలిసిన నలుపు అన్నాడు. పక్క గుడారం అఖ్మత్ వాసన కూడా వచ్చిందన్నాడు. నేను దగ్గొచ్చిందన్నాను. వాళ్ళ నవ్వు ఆగిపోయింది. కాగితం మీద చకచకా రాసుకున్నారు. అందరి చేతా సంతకాలు పెట్టించుకున్నారు.

ఇక ఆ బైసాల్ ఏమంటాడో చూద్దాం. నువ్వు ధైర్యంగా ఉండు. బూడిదరంగు గుర్రం దొరికింది, కాలు కుంటుతోంది.

బురుల్


కారా-జార్,
ఆగస్టు

అక్కా,

మీరు ఏం చేశారో మీకు తెలుసా?

పొగ లేదు. నువ్వు కింద నిలబడి చూశావు, లేదని నీకు తెలుసు. ఇంజన్ నుంచి ఒక్క చుక్క నూనె కారలేదు. మూత లోపల మసి మరక లేదు. వాలోద్య అదంతా రాసి సంతకం పెట్టాడు. అటువంటి ఇంజన్ నల్లపొగ కక్కిందని ఒక మేత మొత్తం సంతకం పెట్టింది. నిన్న మా కమాండర్ ఓముర్జాకోవ్ గదిలో అవన్నీ ఒక్కొక్కటిగా చదివారు. నీలం కలిసిన నలుపు దగ్గర ఒకాయన నవ్వు ఆపుకోలేక కిటికీ దగ్గరికి వెళ్ళాడు. నీ దగ్గు దగ్గర కమాండర్ కూడా నవ్వారు. నేను అక్కడే నిలబడి ఉన్నాను.

అంతకు ముందు నా చేతిలో నిజం ఉంది. ఆ దీపం వెలిగితే దగ్గరలో ఉన్న అనువైన చోట దిగాలని మా నియమాల పుస్తకంలోనే రాసి ఉంది. అదే చెప్తూ వచ్చాను. కమాండర్ నన్ను అడిగేవారు, "తర్వాత ఏమీ దొరకలేదు కదా?" అని. దొరకలేదని కింద తెలిసింది, నేను పైన ఉన్నప్పుడు కాదు, అనేవాణ్ణి. "మిగతావాళ్ళయితే కనుమ దాటేవాళ్ళు" అనేవారు. దాటేవాళ్ళేమో. వాళ్ళు దాటుతారని నేను దాటాలా? నా వెనక ఒక చంటిపిల్ల తల్లి కూర్చుని ఉంది. ఆమెను అడిగి దాటాలా? దానికి ఆయన దగ్గర జవాబు ఉండేది కాదు. విసుక్కునేవారు, అంతే.

ఇప్పుడు ఉంది. పొగ అబద్ధం, కాబట్టి దీపమూ అబద్ధమే అంటున్నారు. చుట్టాలంతా ముందే కూడబలుక్కున్నారు, కాబట్టి విందూ ముందే కూడబలుక్కున్నదే అంటున్నారు. బైసాల్ ఇంత సాక్ష్యం తనంతట తాను ఎక్కణ్ణుంచీ తేలేడు. మీరే మూటగట్టి ఇచ్చారు.

నాకు అన్నిటికన్నా కష్టంగా ఉన్నది ఒకటి చెప్తాను. నన్ను కాపాడటానికి మీకు అబద్ధం అవసరమైందంటే, దీపం ఒక్కటే చూసి దిగడం తప్పని మీరూ అనుకున్నారన్నమాట. ఆ ఇద్దరు నవ్వినవాళ్ళకూ మీకూ తేడా ఏముంది?

సెప్టెంబరులో రాజధాని నుంచి విచారణ సంఘం వస్తుంది. లైసెన్సు ఉంచుతారో తీసేస్తారో అప్పుడు తేలుస్తారు. అందాకా దయచేసి ఎవరికీ ఏమీ చెప్పకండి.

శార్షెన్


కోక్-బెల్,
ఆగస్టు చివర

శార్షెన్,

నీ ఉత్తరం మీ బావ పైకి చదివాడు. నాకు చదవబుద్ధి కాలేదు.

తిట్టావు, పడతాం. కానీ కొంచెం నువ్వూ పడు. బస్తాలు మోస్తూ విశ్రాంతి అని రాసింది ఎవరు? నీ లైసెన్సు మీదకు వచ్చిందని ముందే ఒక్క ముక్క రాసి ఉంటే, మనుషులు వచ్చేనాటికి మేం ఇంత తెలివితక్కువగా ఉండేవాళ్ళం కాదు. పరువుగా ఉంటుందని నువ్వు దాచావు. ఆదుకుందామని మేం కల్పించాం. మాట ఒకటే కాకపోయినా నష్టం ఒకటే. తేడా ఏముందని అడిగావు కదా. వాళ్ళు నవ్వి జీపెక్కారు. మాకు నీ ఉత్తరం వచ్చిన రోజు నుంచి నిద్ర లేదు. అదీ తేడా.

నువ్వు ఎవరికీ చెప్పొద్దన్నావు. నేను సాతార్ తాత దగ్గరికి వెళ్ళాను. ఆయన పగ్గం పేనుకుంటున్నాడు. నీ ఉత్తరంలో ఉన్నదంతా చెప్పాను. మీరు వెళ్ళి పొగ లేదని చెప్పాలి తాతా అన్నాను. మీ బావ వెళ్తానంటున్నాడు గానీ బావమరిది కోసం వచ్చాడనే అంటారు. సాతార్ తాత మనకు చుట్టం కాడు. ఆయన మొదట అన్నాడు కాబట్టే మిగతావాళ్ళు అన్నారు.

ఆయన పగ్గం పక్కన పెట్టి, "నా మాట నేనే వెనక్కి తీసుకుంటే, రేపు ఈ మేతలో నన్నెవరు తీర్పు అడుగుతారమ్మా?" అన్నాడు.

నేను అనకూడని మాట అన్నాను. "మీ పెద్దరికం నిలబడటానికి మావాడి బతుకు పోవాలా?" అన్నాను. ఆయన కూతురు నా మోచెయ్యి పట్టుకుని బయటికి లాగింది. తాత నా వైపు చూడలేదు. మర్నాడు మా గుడారం ముందు నుంచే వెళ్తూ గుర్రం ఆపలేదు.

వస్తాడో రాడో తెలియదు. ఆశ పెట్టుకోవద్దు.

బురుల్


కారా-జార్,
సెప్టెంబరు

అక్కా,

సాతార్ తాత వచ్చాడు. ఉన్ని లారీలో, ఉన్ని మూటల మీద కూర్చుని వచ్చాడట. కోటు నిండా ఉన్ని పోగులే. విచారణ గది బయట బెంచీ మీద ఆయన్ని చూసి నేను దగ్గరికి వెళ్ళబోయాను. "నువ్వు నాతో మాట్లాడకు, మళ్ళీ కూడబలుక్కున్నాం అంటారు" అన్నాడు. నిజమే అనిపించి దూరంగా నిలబడ్డాను.

విచారణ సంఘం పెద్ద ఒక ముసలి పైలట్. మాట తక్కువ. మొదట బైసాల్ చెప్పాడు. పొయ్యి, గొర్రె, చుట్టరికం, పందేలకు వెళ్ళలేక జిల్లాకు జరిగిన అవమానం, అన్నీ చెప్పాడు. తల సంగతి మాత్రం చెప్పలేదు. తర్వాత తాతను పిలిచారు. కుర్చీ వేస్తే కూర్చోలేదు.

"పొగ లేదు" అన్నాడు. "నేనే ఉందన్నాను. నా మాట విని మిగతావాళ్ళు అన్నారు. వాళ్ళను ఏమీ అనొద్దు."

ఎందుకు అబద్ధం చెప్పావని పెద్దాయన అడిగాడు.

"ఇసాక్ దీపం అని నిజం చెప్పాడు. మీ మనుషులు నవ్వారు. కలం జేబులోంచి తియ్యనే లేదు. నేను పొగ అన్నాను. వెంటనే తీశారు. మీకు ఏది కావాలో అదే ఇచ్చాను." మళ్ళీ అన్నాడు: "నిజం చెప్పినవాణ్ణి చూసి నవ్వి, అబద్ధం చెప్పినవాడి చేత సంతకం పెట్టించుకున్నారు. నాది తప్పే. నన్ను ఏం చేస్తారో చెయ్యండి. కానీ ఆ కుర్రాడు పొగ అని ఎప్పుడూ అనలేదు. అన్నాడేమో అడగండి."

అడిగారు. నేను ఒక్కసారి కూడా పొగ అనలేదని కమాండర్ ఒప్పుకోవాల్సి వచ్చింది. మేం కూడబలుక్కుని ఉంటే పొగ ఉందని నేనూ అనేవాణ్ణి కదా, అప్పుడు పని ఇంకా సులువయ్యేది కదా అని పెద్దాయన కమాండర్‌ని అడిగాడు. తర్వాత పెద్దాయన మా పుస్తకం తెప్పించి, దీపం గురించి ఉన్న వాక్యం బైసాల్ చేత పైకి చదివించాడు. ఆయన కళ్ళద్దాలు తెచ్చుకోలేదన్నాడు. పెద్దాయన తన కళ్ళద్దాలు తీసి ఇచ్చాడు. చదవక తప్పలేదు.

లైసెన్సు ఉంచారు. నేను చేసింది పుస్తకం ప్రకారమే అని రాశారు. ఎగరడం ఎప్పుడు మొదలుపెట్టాలన్నది మాత్రం కమాండర్‌కు వదిలేశారు.

బయటికొచ్చేసరికి తాత లేడు. లారీ వెళ్ళిపోతుందని వెళ్ళాడట. కృతజ్ఞతలైనా చెప్పుకోలేదు. నువ్వు చెప్పు.

శార్షెన్


సూక్-తోర్ చలికాలపు మకాం,
అక్టోబరు

తమ్ముడూ,

మేత దిగి వచ్చేశాం. నీ ఉత్తరం ఇక్కడే అందింది. చదివి మీ బావ బయటికి వెళ్ళి చాలాసేపు గుర్రాన్ని తోముతూ ఉండిపోయాడు. అది అప్పటికే తోమి ఉంది.

నువ్వు చెప్పమన్నది సాతార్ తాతకు చెప్పాను. "సరే" అన్నాడు.

ఆయన సంగతి నువ్వు తెలుసుకోవాలి. మొన్న అఖ్మత్‌కూ వాగు అవతలివాళ్ళకూ గడ్డివాము దగ్గర తగాదా వచ్చింది. ఎప్పుడూ తాత దగ్గరికే వెళ్ళేవాళ్ళు. ఈసారి కింది ఊరి పెద్ద దగ్గరికి వెళ్ళారు. ఎందుకని అడిగితే అఖ్మత్ నా ముఖం మీదే చెప్పాడు, "మాట మార్చిన మనిషి వదినా, ఏం అడుగుతాం?" అని. వాసన వచ్చిందని సంతకం పెట్టినవాడు ఈయన. తన సంతకం గురించి ఒక్క ముక్క అనడు. దాన్ని వెనక్కి తీసుకున్న తాత మాత్రం మాట మార్చిన మనిషి అయ్యాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ బైసాల్‌ను చూడు. పోయిన వారం పశువుల సంతలో ఎత్తు బల్ల మీద కూర్చుని పతకాలు పంచాడు. అందరూ లేచి నిలబడ్డారు. అబద్ధమైన ఫిర్యాదు రాసినవాడికి కుర్చీ పోలేదు. అబద్ధం చెప్పానని ఒప్పుకున్నవాడికి పోయింది. పొగ ఉందనే చెప్తూ ఉంటే చచ్చేదాకా పెద్దమనిషిగా ఉండేవాడు.

నేను అఖ్మత్‌ను అడిగాను, "నువ్వు ఎప్పుడైనా ఏ మాటైనా వెనక్కి తీసుకున్నావా? ఈ లోయలో తీసుకున్నవాడు ఇంకొకడున్నాడా? పేరు చెప్పు, అతని దగ్గరికి వెళ్దాం" అని. అయినా అఖ్మత్ తాత దగ్గరికి రాలేదు. అంత తొందరగా మనుషులు మారరు.

మేం మాత్రం మా తగాదాలన్నీ ఆయన దగ్గరికే తీసుకెళ్తున్నాం. తగాదా లేకపోతే మీ బావా నేనూ ఒకటి పెట్టుకుంటున్నాం.

నిన్ను ఎప్పుడు ఎగరనిస్తారు? దాచకుండా రాయి.

బురుల్


కారా-జార్,
అక్టోబరు చివర

అక్కా,

దాచకుండానే రాస్తున్నాను.

ఇవాళ కమాండర్ పిలిచారు. తలుపు వెయ్యమన్నారు. కూర్చోమన్నారు. ఇంతకాలం అడగనివి అడిగారు, పిల్లలు బాగున్నారా, ఇంట్లో వెచ్చగా ఉందా అని. ఎల్లుండి నుంచి ఎగరవచ్చన్నారు. తర్వాత గొంతు తగ్గించి ఒక మాట చెప్పారు: ఇక మీద ఏ దీపం వెలిగినా ముందు రేడియోలో నన్ను అడుగు, నేను దిగమంటేనే దిగు, లేకపోతే పోతూ ఉండు.

కొండల మధ్య రేడియో పలకదు. అది ఆయనకు నాకన్నా బాగా తెలుసు, ఆ దారిలో నాకంటే ఎక్కువ ఎగిరిన మనిషి. పలకనప్పుడు ఏం చెయ్యాలని అడిగాను. "తెలివైనవాడివి, నీకే తెలుస్తుంది" అన్నారు.

నాకు అప్పుడు అర్థమైంది. ఏమీ కాకపోతే నేను ఆయన మాట విన్నట్టు. ఏదైనా అయితే పుస్తకం పాటించలేదని నన్ను పట్టుకుంటారు, అదీ నేను బతికి ఉంటే. ఆయన ఏ వైపు నుంచి చూసినా ఆ గదిలోనే వెచ్చగా ఉంటారు. ఇన్ని నెలలు బస్తాలు మోసినా రాని కోపం అప్పుడు వచ్చింది.

గట్టిగా అరవలేదు. "మీరు చెప్పింది ఆజ్ఞ అయితే రాసి సంతకం పెట్టి ఇవ్వండి. తప్పకుండా పాటిస్తాను" అన్నాను.

ఆయన నా వైపు చూశారు. తర్వాత టీ పోశారు. నా ముందుకు జరిపి, "తాగు శార్షెన్, చల్లారిపోతుంది" అన్నారు.

రాసిచ్చేదాకా పుస్తకంలో ఉన్నదే చేస్తాను అని లేచాను. ఆ టీ ముట్టుకోలేదు. పోసిన టీ వద్దని ఒకరి ఇంటి నుంచి, ఒకరి గది నుంచి నేను లేచిరావడం ఇదే మొదలు. మన అమ్మ ఉంటే కొట్టేది. వచ్చేటప్పుడు ఆయన ఆపలేదు, రాసివ్వనూ లేదు.

ఎల్లుండి పొద్దున మీ వైపు, కనుమ దాటే విమానం నడిపే వంతు నాదే.

శార్షెన్